పచ్చి పండితుడు

మొన్న ఆదివారం మరో సన్మానం చూశాను. చూశాననడం కంటే భరించాననడం సబబు. ఆక్లాండ్‌లో మన తెలుగువాళ్ళకి ఈ జబ్బు బాగా ముదిరింది. ఊరి నుంచి ఎవరో ఒక పెద్దమనిషి కూతురింటికో కొడుకింటికో వస్తాడు. ప్రయాణ బడలిక తీరేలోపే ఆయన మెడలో దండ, భుజాన శాలువా పడిపోతాయి. ఆయన చేసిన ఘనకార్యం ఏమిటని ఎవరూ అడగరు. అంత దూరం విమానంలో కూర్చుని రావడమే చాలు.

బోటనీ డౌన్స్‌లో ఒక స్కూలు హాలు అద్దెకి తీసుకున్నారు. గోడల మీద రగ్బీ కప్పులు పట్టుకున్న పిల్లల ఫోటోలు, వాటి మీద మనవాళ్ళు వేలాడదీసిన ప్లాస్టిక్ బంతిపూల దండలు. వెనక బల్ల మీద రేకు ట్రేలలో బిర్యానీ, పులిహోర. మూతలు తీయకముందే వరుస కట్టిన జనం. ఈసారి సన్మానం ఎవరికంటే మా పెదనాన్న కొడుక్కి. నాకంటే కొన్ని నెలలు పెద్దవాడు కాబట్టి అన్నయ్య అనాలి. నోటితో అంటూనే ఉన్నాను.

సన్మాన పత్రం ఇంగ్లీషులో అచ్చు వేయించారు. "సార్‌గారే మేటర్ రాసి పంపించారు ఆంటీ, మేం జస్ట్ ప్రింట్ తీసి ఫ్రేమ్ కట్టించాం" అన్నాడు నిర్వాహకుడు గర్వంగా. ఒకప్పుడు సిటీ సెంటర్లో నలుగురితో ఫ్లాట్ పంచుకుని చదువుకున్న కుర్రాడు, ఇప్పుడు ఇక్కడే ఇల్లు కొనుక్కుని సెటిల్ అయ్యాడు. తన పొగడ్త తనే రాసుకుని ఎదుటివాడి చేత చదివించుకోవడం ఎంత సిగ్గుమాలిన పనో అతనికి తట్టినట్టు లేదు. అతని కూతురు ఇక్కడే పుట్టింది, హైస్కూల్లో చదువుతోంది. యాక్సెంట్ బాగుంటుందని ఆ పిల్లని మైకు ముందు నిలబెట్టారు.

పిల్ల గడగడా చదువుకుంటూ పోయి ఒక మాట దగ్గర ఆగింది. కాగితాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. ఏ మాటో నాకు వేదిక మీద అన్నయ్యని చూస్తేనే తెలిసిపోయింది. ఆయన పెదవులు ముందే పలికేస్తున్నాయి, "అర్రంట్ స్కాలర్" అని.

ఆ మాటతో బిర్యానీ వాసన పోయి ముక్కుకి కొత్తావకాయ వాసన తగిలింది. ఆవకాయ పెట్టే రోజుల్లోనే నా కాలేజీ చదువు పోయింది మరి.

మాది కోస్తాలో ఒక చిన్న టౌను. మేమూ పెదనాన్నావాళ్ళూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. పెదనాన్న కోర్టులో హెడ్ గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తెల్లవాళ్ళు ఇంకా వెళ్ళిపోకముందు, ఒక దొర జడ్జి దగ్గర కొన్నాళ్ళు పని చేశాడు. ఆ కొన్నాళ్ళ గొప్పని మిగతా జన్మంతా చప్పరిస్తూ కూర్చున్నాడు.

పొద్దున్నే అరుగు మీద పడక కుర్చీలో చేరేవాడు. చేతిలో ఇంగ్లీషు పేపరు. అది స్టేషన్ మాస్టరు చదివి పారేసిన నిన్నటి పేపరని వీధంతటికీ తెలుసు, అయినా ఎవరూ అనేవారు కాదు. వీధిలో ఎవరికి ఇంగ్లీషులో అర్జీ కావాలన్నా ఆయనే రాసిపెట్టాలి. ఆయన ఏం రాశాడో రాయించుకున్నవాడికి తెలియదు. అందుకున్న ఆఫీసరుకి కూడా తెలిసేది కాదని ఇప్పుడు నా అనుమానం. పని జరిగితే పెదనాన్న ఇంగ్లీషు గొప్పది, జరక్కపోతే ఆఫీసరు చెడ్డవాడు.

ఆయన దగ్గర ఎన్ని ఇంగ్లీషు మాటలున్నా ముద్దుల మాట ఒక్కటే, అర్రంట్. పాలల్లో నీళ్ళు కలిపే పాలవాడు అర్రంట్ థీఫ్. పెరుగు గిన్నె దొర్లించిన పిల్లి అర్రంట్ రాస్కెల్. ఎన్నికల్లో ఆయనకి నచ్చనివాడు గెలిస్తే అర్రంట్ నాన్సెన్స్. అంతవరకూ బాగానే ఉంది. కాఫీ చిక్కగా కుదిరితే అది కూడా అర్రంట్ కాఫీయే. పనసపండు తియ్యగా ఉంటే అర్రంట్ ఫ్రూట్.

"అంటే ఏమిటి పెదనాన్నా?" అని ఒకసారి అడిగాను.

"పరమ అని. పరమ మూర్ఖుడు అంటామా? పరమ భక్తుడు అంటామా? అలాగే. దేనికైనా తగిలించుకోవచ్చు" అన్నాడు.

పిల్లలం, మాకింకేం కావాలి. కోర్టు ఆట ఆడేవాళ్ళం. నేను దొరని, అన్నయ్య దొంగ. ఆవకాయకి కడిగి తుడిచి నులక మంచం మీద గుడ్డ పరిచి ఆరబెట్టిన మామిడి ముక్కల్లోంచి నాలుగు కొట్టేసి రావడం వాడి పని. "యూ అర్రంట్ థీఫ్!" అని అరిచి, జప్తు చేసిన ముక్కల్ని ఉప్పూ కారం అద్దుకుని తినడం నా పని. పళ్ళు పులిసి అన్నం నమలలేకపోయేవాళ్ళం. పెద్దమ్మ ఆవాలు దంచుతూ, ఆ ఘాటుకి కళ్ళు తుడుచుకుంటూ, "మీ పళ్ళు ఊడిపోనూ" అని తిట్టేది. ఆ తిట్టులో కోపం ఉండేది కాదు.

ఇంట్లో ఒక పెద్ద ఇంగ్లీషు నిఘంటువు ఉండేది. పెదనాన్న దాన్ని ఎర్ర పట్టుగుడ్డలో చుట్టి, గూట్లో దేవుళ్ళ పక్కనే పెట్టేవాడు. దసరాకి కిందికి దించి పసుపు రాసి, బొట్టు పెట్టి, పువ్వులు వేసి, మళ్ళీ పైన పెట్టేసేవాడు. అది విప్పి చూసిన మనిషిని నేనెరగను. పిల్లలు చెయ్యి చాపితే "సరస్వతిని ఎంగిలి చేతుల్తో ముట్టుకుంటావా!" అని గుడ్లురిమేవాడు. అంత భక్తి చూసి మేమూ నమ్మేశాం, ఆ పుస్తకం మొత్తం ఆయన తలలో ఉందని.

ఆ ఏడు నేను పది పాసయ్యాను, మా బళ్ళో మొదటి మార్కులతో. అన్నయ్య కూడా పాసయ్యాడు, ఎలాగో. ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం ఒక చిన్న జాడీలో కొత్తావకాయ పెట్టుకుని మా ఇంగ్లీషు టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ మలయాళీ. ఒంటరిగా చిన్న గదిలో ఉండేది. గదంతా కొబ్బరినూనె వాసన, ఎండలోనూ వానలోనూ వదలని నల్ల గొడుగు ఒక మూల. జాడీ చేతికిచ్చి, దారంతా మనసులో అనుకుంటూ వచ్చిన ఇంగ్లీషు వాక్యం గర్వంగా అప్పజెప్పాను, మీరు అర్రంట్ టీచర్ అని.

ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

"అయ్యో మోళే, అమ్మాయీ, నన్ను దొంగల్లో చేర్చేశావు కదా!" అంది. తన నిఘంటువు తీసి, చేతులు కడుక్కోమని కూడా అనకుండా, నా ఒళ్ళో పెట్టి చూపించింది. "చూడు. ఈ మాటకి ముందు అర్థం తిరిగేవాడు అని. ఇల్లు లేదు, వాకిలి లేదు, దారుల వెంబడి తిరిగే దొంగ. అలాంటి దొంగలని తిట్టి, తిట్టి, తిరగడం అనేది జనం మర్చిపోయారు. తిట్టు మాత్రం మిగిలింది. ఇప్పుడు ఇది చెడ్డదాన్ని ఇంకా చెడ్డది చేస్తుంది, అంతే. దొంగ పక్కన పెట్టొచ్చు. అబద్ధం పక్కన పెట్టొచ్చు. టీచర్ పక్కన పెట్టకూడదు."

నాకు చప్పున మన మాట ఒకటి తట్టింది. పచ్చి. పచ్చి దొంగ, పచ్చి అబద్ధం, పచ్చి తాగుబోతు. ఎక్కడైనా పచ్చి భక్తుడు అంటామా? టీచరమ్మకి చెబితే "కరెక్ట్, కరెక్ట్" అని వేలితో ఆవకాయ తీసి నాలిక మీద వేసుకుని, దగ్గుతూనే మళ్ళీ నవ్వింది. ఒక మాట వెనకాల అంత దూరం నడిచి వెళ్ళొచ్చని నాకు అదే మొదటిసారి తెలియడం. ఇంటికి పరుగున వచ్చాను. పెద్ద చదువులు చదవాలని, ఇలాంటివి ఇంకా తెలుసుకోవాలని ఆ దారిలోనే నిశ్చయించుకున్నాను.

పక్క ఊళ్ళో కాలేజీ ఉంది. దానికి కొత్త ప్రిన్సిపాల్ వచ్చాడు, ఇంగ్లీషులో ఎం.ఏ. అన్నయ్యకి వచ్చిన మార్కులకి అక్కడ సీటు దొరకదు. అందుకని పెదనాన్న ఆ ప్రిన్సిపాల్‌కి మా ఊళ్ళో పౌర సన్మానం తలపెట్టాడు. ఆయన మా ఊరికి చేసిందేమీ లేదు, చెయ్యబోయేది అన్నయ్యకి సీటు ఇవ్వడం. నా సంగతి నాన్నని అడిగితే, "మీ పెదనాన్న ఏమంటే అదేనమ్మా" అన్నాడు. మా నాన్న జీవితమంతా ఆ ఒక్క వాక్యం మీద నడిచిపోయింది.

పెదనాన్న అరుగు మీద కూర్చుని సన్మాన పత్రం రాసి, వీధి పెద్దలందరికీ బిగ్గరగా చదివి వినిపించాడు. వాళ్ళు ఒక్క ముక్క అర్థం కాకపోయినా "ఆహా" అంటున్నారు. అర్రంట్ స్కాలర్ దగ్గరికి వచ్చేసరికి నేను ఉండబట్టలేకపోయాను.

"పెదనాన్నా, ఆ మాట అక్కడ పెట్టకూడదు. అది పరమ కాదు, పచ్చి లాంటిది. పచ్చి దొంగ అంటాం గానీ పచ్చి పండితుడు అనం కదా!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వే నా కొంప ముంచింది.

"ఎవరు చెప్పారే నీకు?"

"టీచరమ్మ. నిఘంటువులో చూపించింది. మన దాంట్లో కూడా ఉంటుంది, చూద్దాం."

"దొర నోటి నుంచి విన్నవాణ్ణి నేను. నాకు నిఘంటువు చూపిస్తావా? అర్రంట్ ఫూల్!" అని లేచి నిలబడ్డాడు. తర్వాత చుట్టూ ఉన్న పెద్దల్ని చూసి కోపం దిగమింగి, పెద్దరికం తెచ్చుకున్నాడు. "సరే. ప్రిన్సిపాల్‌గారినే అడుగుదాం, సభలోనే. ఆయన తప్పంటే నిన్ను నేనే తీసుకెళ్ళి కాలేజీలో చేర్పిస్తాను. ఒప్పంటే నోరు మూసుకుని ఇంట్లో ఉంటావు. ఏరా, ఏమంటావ్?"

నాన్న తల ఊపాడు. నేనూ సంతోషంగా ఒప్పుకున్నాను. ఇంగ్లీషు ఎం.ఏ. చదివిన మనిషి ఆ మాట తెలియకుండా ఉంటాడా అనుకున్నాను. పదిహేనేళ్ళదాన్ని, డిగ్రీల మీద గౌరవం ఉండేది.

సభ మా బళ్ళోనే జరిగింది. ఊరంతా వచ్చింది. ప్రిన్సిపాల్ మెడలో గులాబీల దండ, ముందు గోళీ సోడా. పెదనాన్న పత్రం చదువుతూ ఆ మాట దగ్గర ఆగి, నన్ను ముందుకి రమ్మన్నాడు. "ఈ అమ్మాయి ఈ ప్రయోగం తప్పంటోంది. తమరే సెలవివ్వాలి" అని కాగితం ఆయన చేతిలో పెట్టాడు.

ప్రిన్సిపాల్ కాగితం చూశాడు. సోడా ఒక గుక్క తాగాడు. మళ్ళీ కాగితం చూశాడు. నేను రెండడుగుల దూరంలో నిలబడి ఆయన కళ్ళనే చూస్తున్నాను. బళ్ళో లెక్క రాని పిల్లల కళ్ళు ఎలా ఉంటాయో నాకు బాగా తెలుసు. అవే కళ్ళు. ఆయనకి ఆ మాట తెలియదు, జన్మలో విన్లేదు.

"చాలా ఉన్నతమైన ప్రయోగం" అన్నాడు గొంతు సవరించుకుని. "క్లాసికల్ యూసేజ్. ఈ కాలం పిల్లలకి తెలియకపోవడంలో ఆశ్చర్యం లేదు."

చప్పట్లు మోగాయి. నాన్న కూడా కొట్టాడు. మూడో వరసలో టీచరమ్మ మాత్రం గొడుగు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది. ఊరు ఊరంతా కలిసి ఒక మనిషిని పచ్చి పండితుడని తిట్టింది, ఆ మనిషి చేతులు జోడించి పుచ్చుకున్నాడు. అది చూసి నవ్వాల్సిన ఒకే ఒక్క ఆడపిల్ల ఏడుస్తోంది. నాకు ఆ ఏడుపు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇంటికొచ్చాక వంటింట్లో పెద్దమ్మ వేడన్నంలో కొత్తావకాయ, నెయ్యీ కలిపి ముద్దలు చేసి నా చేతిలో పెట్టింది. అరుగు మీద పెదనాన్న గొంతు ఖంగుమంటోంది. పెద్దమ్మ గొంతు తగ్గించి, "నువ్వన్నదే నిజమై ఉంటుందే. ఆ దొర ఆ మాట ఎవర్ననేవాడనుకున్నావ్? ఈయన్నే. ఫైలు కనపడకపోతే అదే మాట, సిరా ఒలికితే అదే మాట. ఫూల్ అన్నాడని తెలిసి ఏడ్చేవాడు. ముందున్న మాట మటుకు గొప్పదనుకుని ఇంటికి తెచ్చుకున్నాడు" అంది.

నేను ముద్ద నోట్లో పెట్టుకోకుండా విన్నాను. జాలి పడాలని పెద్దమ్మ ఉద్దేశం కాబోలు. నాకు రాలేదు. తనని కొట్టిన కర్రనే తెచ్చి అరుగు మీద రాజదండంలా పట్టుకు కూర్చున్న మనిషి మీద జాలేమిటి?

అన్నయ్యకి సీటు వచ్చింది. టీచరమ్మ ఊరుకోలేదు. నాన్నతో గుమ్మంలో నిలబడి పోట్లాడి, తనకి తెలిసిన మిషన్ ఆసుపత్రిలో నన్ను నర్సు ట్రైనింగ్‌కి చేర్పించింది. అక్కడ ఫీజు లేదు, తిండి వాళ్ళే పెడతారని విన్నాక నాన్నకి అభ్యంతరాలన్నీ తీరిపోయాయి. "ఊళ్ళు పట్టుకుని తిరిగే ఉద్యోగం" అని పెదనాన్న ఈసడించాడు. తిరిగాను. గల్ఫ్‌లో తిరిగాను, ఈ దేశం వచ్చి మొదట దక్షిణాన రిక్కార్టన్‌లో కొన్నేళ్ళు, తర్వాత ఆక్లాండ్‌లో ముసలివాళ్ళ హోముల్లో వేలమందికి మందులిచ్చాను. ఆ పని నాకు నచ్చింది. అయినా నేను కోరుకున్నది అది కాదు. మాటల వెనక నడుస్తూ వెళ్ళే చదువు కావాలనుకున్నాను, అది దక్కలేదు.

ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక కివీ ముసలాయన్ని, తల్లి భాషే ఇంగ్లీషైనవాణ్ణి, ఆ మాటకి అర్థం అడిగాను. "నాకు తెలియదమ్మా, ఏమిటది?" అన్నాడు టీ తాగుతూ, ఏ సిగ్గూ లేకుండా. చెబితే విని "భలే" అన్నాడు. నేను ఆ రోజు బస్సులో ఇంటికి వెళ్తూ దారంతా నవ్వుకున్నాను.

మైకు ముందు ఆ పిల్ల ఇంకా ఆగే ఉంది.

"సారీ, ఈ వర్డ్ నాకు తెలీదు" అంది మైకులో. హాలంతా వినపడింది.

"ఫర్వాలేదు, చదివెయ్ నాన్నా" అని తండ్రి పక్క నుంచి చెయ్యి ఊపాడు. అన్నయ్య వేదిక మీద నుంచే నవ్వుతూ, "అర్రంట్ అంటే పరమ అని అమ్మా. మా నాన్నగారి ప్రయోగం. గ్రేట్ ఇంగ్లీష్ స్కాలర్ ఆయన" అన్నాడు.

పిల్ల ఒప్పుకోలేదు. "మీనింగ్ తెలీకుండా ఎలా చదవను? ఇక్కడ ఎవరికైనా తెలుసా?"

హాల్లో సాఫ్ట్‌వేర్ మేనేజర్లున్నారు, పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్ళున్నారు. అందరూ ఒక్కసారిగా తమ ఫోన్ల వంక చూసుకున్నారు. ఆ కళ్ళు నాకు తెలుసు. అన్నయ్య నా వంక చూశాడు. వద్దని ఆ చూపుకి అర్థం. అంటే ఆయనకి తెలుసన్నమాట, ఇన్నేళ్ళూ తెలుసు.

లేచి నిలబడ్డాను. "నాకు తెలుసు. పచ్చి అని. పచ్చి దొంగ, పచ్చి అబద్ధం, అలాగ. పండితుడి ముందు పెట్టకూడదు."

పిల్ల "ఓ, థాంక్యూ ఆంటీ" అని ఆ ఒక్క మాట వదిలేసి, మిగతాది చదివి దిగిపోయింది. నిర్వాహకుడు నా దగ్గరికి వచ్చి గుసగుసగా, "పోనీలెండి ఆంటీ, ఫ్రేమ్ కట్టించేశాం, ఇప్పుడు ఎవరు చూస్తారు?" అన్నాడు. చప్పట్లు కొట్టారు. వీధి మూలనున్న డైరీలో, అంటే ఇక్కడి చిల్లర కొట్లో, కొన్న పూలగుత్తి ఇచ్చారు, శాలువా కప్పారు. పచ్చి పండితుడు ఫ్రేము గుండెకి ఆనించుకుని ఫోటోలకి నిలబడ్డాడు. బిర్యానీ ట్రేల మూతలు తీశారు.

నేను పులిహోర పెట్టుకుని ఒక మూల కూర్చున్నాను. "నాకు తెలీదు" అని ఎంత తేలిగ్గా అనేసింది ఆ పిల్ల! ఆ రోజు ఆ ప్రిన్సిపాల్ నోట ఆ ముక్క వచ్చి ఉంటే చాలు. ఎర్ర పట్టుగుడ్డ విప్పేవాళ్ళు, నిఘంటువు తెరిచేవాళ్ళు, నా బతుకు ఇంకో దారిన వెళ్ళేది. దానికి ఇద్దరు మగవాళ్ళ డాబు అడ్డం వచ్చింది.

పిల్ల ప్లేటుతో వచ్చి పక్కన కూర్చుంది. "మీకు ఆ వర్డ్ ఎలా తెలుసు ఆంటీ?" అంది.

"నీ అంతప్పుడు మా ఊళ్ళో ఒకాయన ఇదే తప్పు రాశాడు. తప్పని చెప్పాను."

"చెప్తే? ఏమైంది?"

వేదిక దగ్గర ఇంకా ఫోటోలు తీస్తున్నారు. శాలువా జారిపోతుంటే అన్నయ్య సర్దుకుంటున్నాడు. నేను ఆయన వంక చూపించాను.

"ఆయన కాలేజీకి వెళ్ళాడు."